కండ్లకద్దుకున్న రివాల్వర్

"తాతా, దుబాయ్‌ల నువ్వు ఒకసారి రివాల్వర్ పట్టుకున్నవట గద? నాయినమ్మ చెప్పింది. ఫోన్‌ల రికార్డు పెడుత, చెప్పు."

మీ నాయినమ్మకు నోట్లె నువ్వుగింజ నానది. దుబాయ్ గాదు బిడ్డా, ఖతర్. మీకు సముద్రం దాటితె అంత దుబాయే. పెట్టినవా? ఎర్ర లైటు అచ్చిందా? సరె.

పట్టుకున్న, లేదని ఎందుకంట. కని కొనేది నేను గాదు, మా కఫీల్. కఫీల్ అంటె మనకు వీసా ఇచ్చిన అరబ్బు సేటు. బాబా అని పిలుద్దుము. ఉమ్ సలాల్‌ల ఆయనకో తోట ఉండె. ఖర్జూరం చెట్లు, మేకలు, ఒంటె ఒకటి... కాదు కాదు, ఒంటెను నేను పోకముందుకే అమ్మిండు, మేకలే. నేను ఆయనకు డ్రైవర్ను.

ఫుట్‌బాల్ కప్పు అస్తదని దేశమంత తవ్విపెట్టిన రోజులవి. నిన్న పోయిన తొవ్వ ఇయ్యాల ఉండకపోవు. మీ శంకర్ మామ గూడ అప్పుడు గాడనే, స్టేడియం పనిల. గుడారం లెక్క ఓ స్టేడియం కట్టిన్రు చూడు, దాంట్ల. ఆయన క్యాంప్ కష్టం ఇంకో కథ, మల్ల జెప్త.

రివాల్వర్ గద. బాబాకు దుఖాన్‌ల ఓ దోస్తు ఉండె, ముసలాయన. దుఖాన్ అంటె పడమటి సముద్రం దిక్కు, ఆ దేశంల మొదలు నూనె పడ్డది గాడనే. ఆ దోస్తు వాళ్ల నాయిన నూనె కంపెనీల జేసినప్పుడు, ఓ తెల్లదొర తన దేశం పోతపోత ఇచ్చిపోయిండట దాన్ని. పాత కాలపుది. పిడికి కట్టె ఉంటది, బొటనేలు పెట్టే కాడ అరిగి నున్నగైంది. గుండ్లు పెట్టే చక్రం తిప్పితె టక్ టక్ మంటది, ఒక్క కాడ మాత్రం పట్టేస్తది. ఇగ ఆ ముసలాయన దుఖాన్ ఇల్లు ఇడిసిపెట్టి, పట్నంల, అల్ సద్‌ల కొడుకు ఫ్లాట్‌కు పోవుడైంది. కోడలేమో, పిల్లలున్న ఇంట్ల తుపాకి అద్దు అన్నది. న్యాయమే గద. గందుకే అమ్ముతనన్నడు.

మా బాబాకు చిన్నప్పటి సంది దాని మీద మనసు. కని కొనాల్నా అద్దా? పొద్దున లేస్తె అదే ముచ్చట. ఎనుక సీట్ల కూసోని, "చక్రం పట్టేస్తుంది, బాగు జేసేటోడు దొరుకుతడా?" అంటడు. "పేలకుంటె గోడకు పెట్టుకుంట" అంటడు. "గోడకు పెట్టేదానికి గంత పెట్టుడెందుకు?" అని మల్ల ఆయనే అంటడు. కొడుకులు ఇనరు, వాళ్లకు ఫోన్లున్నయ్. ఇనేటోన్ని నేనొక్కన్నే. స్టీరింగ్ ఇడిసి యాడికి పోత?

"మీ ఇష్టం బాబా" అంటుంటి. లోపల మాత్రం, కొనకపోతె నీకు కొబ్బరికాయ కొడుత స్వామీ అని మొక్కుతుంటి. ఎందుకంటవా? కొన్నంక కాయిదాలు మార్పియ్యాలె, పోలీసు ఆఫీసు సుట్టు తిరుగాలె. అది ఉండేది నా కార్లనే. ఆయన పెద్దమనిషి, ఆయనకేం గాదు. ఏమన్న అటు ఇటు అయితె మొదలు మెడకు చుట్టుకునేది డ్రైవర్‌కే.

ఇంగొకటి, నాకు తుపాకంటెనే పడది. మా అన్న, మీ పెద్దతాత, నడుం వంకరగ ఉంటుండె, నీకు యాదికుందో లేదో. అడివిల నుంచి అచ్చినోళ్లకు బువ్వ పెట్టిండని, తెల్లారి ఇంకోళ్లచ్చి తుపాకి మడమతోని గుద్దిన్రు. మల్ల సచ్చేదాక సక్కగ నిలవడలే. ఇగ ఈ ఊర్లె ఉండద్దురా అని నన్ను గల్ఫ్‌కు తోలింది ఆయననే. వీసాకు మీ ముత్తవ్వ ఎండి కడియాలు అమ్మినం. అప్పుడు ఆ కడియాలకచ్చిన పైసలకు ఇప్పుడు నీ చెవు పోగు గూడ రాదు... ఏడున్న? ఆ, దుఖాన్.

ఆఖరుకు ఓ దినం "యల్లా, దుఖాన్" అన్నడు. యల్లా అంటె పా, పోదాం అని. ఇగ కొనుడే. పోయినం. మజ్లిస్‌ల కూసున్నరు, అంటె మన ముందటి అర్ర లెక్క, అచ్చినోళ్లు కూసునేది. గావా, అంటె వాళ్ల కాఫీ, పోసిన్రు, ఖర్జూరం పెట్టిన్రు. నేను తలుపు కాడ నిలవడ్డ. మాటలన్ని అయినయ్, చెయ్యిల చెయ్యి ఏసుడే తక్కువ. ముసలాయన గుడ్డల సుట్టి తెచ్చిండు. గుండ్లు లేవు, ఖాళీదే. బాబా చేతులకు ఖర్జూరం బంక. నువ్వు అందుకో అని నాకు సైగ జేసిండు.

రెండు చేతులతోని అందుకున్న. అందుకోని ఏం జేసిన్నో ఎర్కనా? కండ్లకద్దుకున్న.

కావాలని జేసింది గాదు బిడ్డా. మనకు అలవాటు గద. కొడవలి పట్టినా అంతే, పుస్తకానికి కాలు తాకినా అంతే. పొద్దుగాల కార్ ఎక్కంగనే స్టీరింగ్ తాకి కండ్లకద్దుకుంట, అన్ని ఏండ్లు అట్లనే. చెయ్యి దాని పని అది జేసింది. మా అన్న నడుం ఇరగ్గొట్టిన జాతి దాన్ని మొక్కితి! నా మీద నాకే ఒళ్లు మండింది.

"ఏం జేసిండు ఈన?" అని ముసలాయన అడిగిండు. నాకచ్చిన అరబ్బీ ఎంత? జర అరబ్బీ, జర హిందీ కలిపి, "మా కాడ పెద్దల వస్తువు చేతికిస్తె గిట్లనే జేస్తం, ఇజ్జత్" అన్న. ఏదో ఒకటి అనాలె గద.

ముసలాయన నా చేతులకెళ్లి దాన్ని తీసుకున్నడు. అరిగిన కాడ బొటనేలు పెట్టి చాన సేపు చూసిండు. "మా నాయిన పోయినకాడికెళ్లి దీన్ని చెప్పుల బీరువల పడేసిన" అన్నడు. గుడ్డ మల్ల సుట్టిండు. "మాఫీ. ఇగ దీన్ని అమ్మను. పెట్టెల పెట్టి తాళమేసుకుంట, కోడలుకు నేను జెప్పుకుంట" అన్నడు.

ఇంటాయన కాదన్నంక బేరమాడుడు వాళ్లకు తప్పు. బాబా గావా కప్పు అటు ఇటు ఊపిండు. ఇగ పొయ్యకు, సాలు అని లెక్క అది. లేసిండు.

ఆయన చిన్నప్పటి సంది కోరుకున్నది నా చేతుల మీద పోయింది. ఇగ నన్ను ఇంటికి తోలుతడు అనుకున్న. ఆ వయసుల ఇంకో వీసా ఎవడిస్తడు? మీ చిన్నాయిన చదువు ఇంక నడ్మల ఉండె. తొవ్వ పొంటి ఇసుక తప్ప ఏం లేదు. ఉమ్ సలాల్ దగ్గర పడ్డంక ఒక్కటే అడిగిండు.

"నీకు తుపాకంటె అంత గౌరవమా?"

"లేదు బాబా, భయం. మా అన్నను కొట్టింది తుపాకితోనే."

"మల్ల ఎందుకు మొక్కినవ్?"

"చెయ్యి మొక్కింది బాబా, నేను గాదు."

ఇల్లు రాంగనే దిగిపోయిండు. తలుపు గట్టిగ ఏసిండా, మెల్లగ ఏసిండా అని అదే ఆలోచన నాకు.

తెల్లారి కార్ తీసిన. ఎనుక ఎక్కి కూసున్నడు. స్టీరింగ్ మీదికి చెయ్యి కొంచపోయి ఆపుకున్న. మొక్కితె ఆయనకు మల్ల రివాల్వర్ యాదికస్తదని, మొక్కలే. తాళంచెయ్యి తిప్పబోయిన. "రుకో" అన్నడు. ఇగ ఆయె, దిగుమంటడు అనుకున్న. అద్దంల చూసిన. ఆయన కిటికీల నుంచి బయటికే చూస్తున్నడు.

"రోజు జేసేది మర్చిపోయినవ్" అన్నడు. "ముందు అది జేసుకో. తర్వాత యల్లా."

గన్ని ఏండ్ల సంది ఎనుక కూసోని చూస్తున్నడన్నట్టు. నేనేమో, ఈనకేం పట్టదు అనుకుంటుంటి.

మొక్కిన. కండ్లల్ల నీళ్లచ్చినయ్, అబద్ధమెందుకు. ఆ రివాల్వర్ ముచ్చట మల్ల ఎన్నడు తియ్యలే ఆయన. నేను ఇంటికచ్చేదాక నన్నే ఉంచుకున్నడు.

నువ్వు స్కూటీ నేర్చుకుంటున్నవట గద? మెల్లగ తోలు బిడ్డా. ఎక్కంగనే జర హాండిల్... ఆ, నవ్వుతున్నవ్, నువ్వు గూడ జేస్తవా? జేస్తవా నిజంగ? ఎవలు నేర్పిన్రే నీకు... సల్లగుండు, సల్లగుండు తల్లీ. ఆ ఎర్ర లైటు ఇంక ఎలుగుతనే ఉన్నది చూడు...