చివరి వరుసల జవాబులు

సున్నా ఎలా అవుతుంది మేడమ్? రోజూ వచ్చాం కదా! మీరు పాఠం మధ్యలో ఆపి తెర మీద ప్రశ్న వేసినప్పుడల్లా ఫోన్లో జవాబు నొక్కాం కదా! పక్కవాళ్ళతో వాదించుకుని మళ్ళీ నొక్కండి అంటే అదీ చేశాం. మా వెనక వరుసలవాళ్ళు వాదించుకున్నంత ఇంకెవరు వాదించుకున్నారండీ?

లేదండీ, కూర్చోను. వాళ్ళంతా బయట నిలబడే ఉన్నారు.

క్లాసులో పాల్గొన్నందుకు ఇరవై మార్కులు. అవి పోతే పాసవడానికి మిగతా ఎనభైలో యాభై తెచ్చుకోవాలి. మా వరుసల్లో ఎవరి మొహానికి వస్తాయి చెప్పండి? మా కునుకుగాడు ఉన్నాడు... అదే, క్లాసులో నిద్రపోయేవాడు, మేం అలా పిలుస్తాం. ఈ కోర్సు వాడికిది రెండోసారి. ఈసారీ పోతే ఇంటికే. అలాంటివాడు మొన్న, ఇంటర్నెట్‌లో డేటా ప్యాకెట్ దారి తప్పితే ఏమవుతుందని నాతో దెబ్బలాడాడు మేడమ్! వాడే గెలిచాడు కూడా.

ఆ... హాల్లో వెనక గోడకున్న వైఫై పెట్టె నాదే. నేనే పెట్టాను.

ఏం చేయమంటారు? నెట్‌వర్కుల పాఠం చెప్పే హాల్లో వెనక్కి నెట్‌వర్క్ అందదు! ప్రశ్న తెరుచుకునేలోపే టైమైపోతుంది. ఆఫీసులో చెబితే ముందుకెళ్ళి కూర్చోండన్నారు. ముందు ఖాళీ ఏదండీ? అందుకే మా గదిలోని రౌటర్ పట్టుకొచ్చి వెనక గోడకున్న కేబుల్‌కి తగిలించాను. అందరి ఫోన్లూ దాని మీదే నడిచాయి. నన్ను భుజాల మీద ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ!

ఏంటీ? అన్ని జవాబులూ ఒకే నెట్ అడ్రస్ నుంచి వచ్చాయా?

అయ్యో. అవును కదూ... ఆ పెట్టె వెనక ఎంతమంది ఉన్నా బయటికి కనిపించేది ఒక్క అడ్రస్సే. ఒకడే అందరి తరఫునా నొక్కేస్తున్నాడనుకుంది మీ సిస్టమ్. ప్రతి ప్రశ్నకీ మొదటొచ్చిన జవాబు ఉంచుకుని మిగతావి పారేసింది.

నిన్ననే కదండీ ఈ పాఠం చెప్పారు! ప్రశ్న కూడా వేశారు. అందరికంటే ముందు నొక్కింది నేనే. నా పెట్టె సంగతి మాత్రం బుర్రకి తట్టలేదు.

నాకా? నాకెంతేంటండీ, నాదీ సున్నాయే కదా... ఎంత? మళ్ళీ చెప్పండి.

ఇరవైకి ఇరవయ్యా?

అంటే... ప్రతిసారీ ముందు నొక్కేది నేనే కాబట్టి... ఉంచుకున్నవన్నీ నావేనా?

వద్దు మేడమ్. నాదీ తీసేయండి. తీయకూడదా? సరిగ్గా వచ్చిన మార్కు తీయడానికి రూల్ ఒప్పుకోదా? పోనీ, వాళ్ళ జవాబులు మళ్ళీ లెక్కపెట్టండి. పారేసినవి ఎక్కడా మిగల్లేదా? ఒక్కటైనా?

మార్కులు ఫోన్లకి పంపేశారా! ఎప్పుడు? ఇప్పుడేనా? ఎవరివి వాళ్ళకేనా, అందరివీ అందరికీ కనిపిస్తాయా?

ఇందాకటిదాకా తలుపు అవతల మాటలు వినిపించాయి చూశారా. ఆగిపోయాయి.

సరే, వెళ్తాను. ఎదురుగా కునుకుగాడే ఉంటాడు. ‘భలే ప్లానేశావురా’ అంటాడు.

అననీండి. లెక్క చూస్తే నాకూ అలాగే కనిపిస్తోంది.