పనసగింజల పరీక్ష

సూర్యాపేటలో ఒక దవాఖాన వరండా. గొర్రెలు కాసే తండ్రికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయి రెండు నెలలైంది. హైదరాబాదులో పరిశోధన చేసే కూతురు డాక్టరు గదిలోంచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"మళ్ల ఎందుకు తోల్కొచ్చినవ్ బిడ్డా? ఉత్త వాపే అన్నరు గద."

"ఆపరేషన్ల తీసిన ముక్కను మా ల్యాబ్‌ల గూడ సూసిన నాయినా."

"ఏం పెట్టి సూసినవ్?"

"పనసగింజల నుంచి తీసిన ప్రొటీన్. మామూలు వాపుకు కొంచెమే అంటుకుంటది. క్యాన్సర్ కణాలకైతే గట్టిగ పట్టుకుంటది."

"నాకెట్ల పట్టింది?"

"ఒక మూలకు గట్టిగ పట్టింది. మాది ఇంకా పరిశోధననే, తప్పు గూడ కావచ్చు. అందుకే ఆ ముక్కను మళ్ల సూడుమని ఈ డాక్టర్‌ను అడిగిన."

"సూసిండా?"

"సూసిండు."

"మరి చెప్పు. ఏడుస్తవెందుకు?"

"క్యాన్సరే నాయినా. ఎముకలకు పాకిందేమో స్కాన్ తియ్యాలన్నడు."

తండ్రి నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నడుము నొప్పి ఎండకాలం సంది ఉన్నది బిడ్డా. గొర్రెపిల్లను గూడ ఎత్తలేకపోతున్న. వాపే అన్నరని ఎవ్వలకు చెప్పలే."