షారన్ చేతి మాట

మైపాడు ఒడ్డున అల వెనక్కి పోగానే, తండ్రి చంకలోని రెండేళ్ల షారన్ రెండు చేతుల వేళ్ల కొసలు కలిపి తట్టింది.

"ఏందే, చప్పట్లా?"

"కాదయ్యా. 'ఇంకా కావాల' అంటా ఉండాది," అంది పక్కనున్న తల్లి.

"దీనికి మాటలే రాలేదు గదా!"

"డౌన్ సిండ్రోమ్ బిడ్డలకు మాట ఆలస్యమంట. అందాకా చేతుల్తో చెప్పేది నెల్లూరులో థెరపీ మేడమ్ నేర్పిస్తా ఉండాది. నువ్వు చేపల వేటకు పోయినప్పుడు ఇంట్లో ఇది మాట్లాడతానే ఉండాది."

అతను బిడ్డను మళ్లీ నీళ్లలో దించాడు. అల వచ్చి కాళ్లు తడిపింది. షారన్ కిలకిలా నవ్వుతూ అరచేతిని పైకెత్తి, మెల్లగా వంచి, కిందికి జార్చింది.

"ఇదేంది?"

"తెలీదయ్యా. ఇది మేడమ్ నేర్పలా, నేనూ నేర్పలా."

షారన్ సముద్రం వైపు చూస్తూ మళ్లీ అలాగే చేసింది. అతను తన అరచేతినీ అలాగే వంచి, కిందికి జార్చి చూశాడు.

"అల అంటా ఉండాదే! ఆ మాట మన బిడ్డే పుట్టించింది."