తారుమారైన రెండు లైన్లు

గట్ల తల వంచుకొని వల కుడుతనే ఉంటే నేనెట్ల చెప్పాలె కాక? జర ఇటు జూడు. కొంపల్లి ఆఫీసుల మీ అశ్రిత పక్కన కూసునే పరమేశ్‌ను. మొన్న బోనాలకు పిలిచి చేపల పులుసు పెడితివి గదా.

ఊరోళ్లు ఏమంటున్నరో నాకెరుకే. సదువుకున్న పిల్ల గింత తప్పు జేసిందట, హాస్టల్ పోరిల ఫోన్ నంబర్లన్ని బయటికి పోయినయట, ఎవడో ఆ పిల్లలకు ఫోన్లు జేసి సతాయించిండట, గందుకే ఆఫీసోళ్లు తీసేసిన్రట. నంబర్లు పోయినకాడికి నిజమే. హాస్టలోళ్లకు మేం రాసిచ్చిన ప్రోగ్రాం వల్లనే పోయినయ్.

ఎట్లయ్యిందో చెప్త. నువ్వు సంఘం నడిపినోనివి, నీకు అర్థమయితది.

గా కంప్యూటర్ మిషిన్ల రూట్ అని ఒక పెద్దమనిషి లెక్క ఉంటడు. ఏ తలుపన్న తీస్తడు, ఎవ్వరు అడ్డం జెప్పరు. మా ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఆయన లెక్కనే మొదలయితది. తలుపు తీసినంక మామూలు మనిషి అయిపోవాలె. పెద్దోళ్ల గ్రూపుల కెల్లి పేరు తీసేసుకోవాలె, పెద్దరికం ఇడిచిపెట్టాలె. రెండే లైన్లు రాయాలె.

ముందుగాల ఏది? చేపల సంఘం అధ్యక్షునిగ దిగిపోయిననాడు నువ్వేం జేసినవ్? ముందు కమిటీ రిజిస్టర్ల నీ పేరు కొట్టేసినవ్, గటెన్క రాజీనామా మీద సంతకం బెట్టినవ్. మా నాయిన గంత పక్కా అని అశ్రితనే నవ్వుకుంట చెప్పింది. ముందే దిగిపోతే రిజిస్టర్ ముట్టనీకి నీకు అధికారం యాడుంటది?

గా రెండు లైన్లు తారుమారైనయ్ కాక. ప్రోగ్రాం ముందే పెద్దరికం ఇడిచింది. ఎన్కసిరి గ్రూపుల పేరు తీసెయ్యమంటే మిషిన్ కాదన్నది. అయ్యిందా కాలేదా అని ఆగి చూసుకోవాలె. చూసుకోలే. పేరు పెద్దోళ్లల్లనే ఉండిపాయె. బయటోడు ఒకడు ప్రోగ్రాంల దూరి, పెద్దోళ్లకు కనవడే నంబర్లన్ని సదివిండు.

ఏంది? ఆమెనే రాసిందని రికార్డుల ఉన్నదంటవా? ఉన్నది. పేరు, టైము అన్ని ఉన్నయ్. ఆఫీసోళ్లు గదే ముంగట బెట్టి అడిగితే నీ బిడ్డ ఏమన్నదో ఎరుకేనా? "నేనే రాసి ఉంట సార్, యాదికి లేదు" అన్నది. నేను ఆడనే నిలవడ్డ.

రికార్డుల ఉన్న గా దినం మధ్యాహ్నం నా కంప్యూటర్ ఖరాబయింది. అశ్రిత డబ్బ పట్టుకొని తిననీకి పోతాంది. నాదాంట్ల చేస్కో అన్నా అని ఆమెనే కుర్సీ ఇచ్చింది. మేం గట్లనే చేస్తుంటం. ఆమె పేరు బంద్ జేసి నా పేరుతోని లోపలికి పోవాల్సి ఉండె. రెండు నిమిషాల పనికి గింత ఎందుకని ఆమె పేరు మీదనే రాసిన, ఆమె పేరు మీదనే పంపిన.

గా రెండు లైన్లు నావి కాక. నేనే రాసిన.

ఆఫీసోళ్లు ఆమెను అడిగిన దినం చెప్పలే. తెల్లారి చెబుదామనుకున్న, నా కొలువు పోతదని భయమయ్యింది. ఇగ దినాలు గడిచినకొద్ది నోరు రాలే. ఆమె పోయి మేడ్చల్ బట్టల దుకాణంల చీరలు మడత బెడ్తాంది. నిన్న ఫోన్ జేసింది. "నేను గట్లెట్ల రాసిన అన్నా? ఇగ కంప్యూటర్ మళ్ల ముట్టనే ముట్ట" అని ఏడ్చింది. నేనే ఓదార్చిన. సిగ్గు లేకుంట నేనే ఓదార్చిన.

ఆమె ఇంట్ల లేని యాళ్ల జూసే వచ్చిన, దాచుడెందుకు. ఆమె మొఖం జూసే ధైర్యం లేదు. నువ్వు ఆమెకు చెప్తవని వచ్చిన.

వల పక్కకు పెట్టినవేంది కాక? తిట్టు, కొట్టు, ఏమన్న జెయ్యి. ఊకె నా చెయ్యి పట్టుకుంటవేంది?

కూసోమంటున్నవా? ఆమె వచ్చేదాంక?

సరే. కూసుంట. నేనే చెప్త. చెప్పేదాంక మాత్రం నా చెయ్యి ఇడిచిపెట్టకు కాక, ఇడిస్తే నేను మళ్ల పోత.