కట్టేసిన తొట్టి

హలో… ఆ, నేనే. ఎలీసియోని. షెరీఫ్ ఉన్నాడా ఒటీలియా కొమాద్రే?

…లేడా. సరే, నువ్వే రాసుకో. మా పడమటి మేతబీడులో మనుషుల అడుగులున్నాయి. ఇద్దరివి, ఒక ఆడమనిషి, ఒక చిన్నపిల్ల. సరిహద్దు దాటి, నది వైపు నుంచి వచ్చారు.

…తెలుసు, ఎప్పుడూ వస్తారు. అది కాదు ఒటీలియా. ఇక్కడ తొట్టి ఎండిపోయి ఉంది. నీళ్లు నేనే కట్టేశా.

…మొన్న. పశువులు తూర్పు మేతకి నడవాలంటే ఇక్కడ నీళ్లు ఆపేస్తాంగా. మీ నాన్నా అంతే, మా నాన్నా అంతే… ఆవులు గుర్తొచ్చాయి. మనుషులు గుర్తు రాలేదు.

…లేదు, ఏడవట్లేదు. దుమ్ము.

మా ఆవిడ ఎల్విరా బతికుండగా, నీళ్లు తోడే గాలిమరకి వేలాడదీసిన తాగే రేకు కప్పు లేదు. వాళ్లే తీసుకెళ్లారు. చుక్క నీళ్లు లేకపోయినా కప్పు తీసుకెళ్లారు…

అంబులెన్సు ఎక్కడుంది?… ఎంతసేపు?

…గంటన్నర. ఈ ఎండలో.

అయినా పంపించు. సరిహద్దు గస్తీవాళ్లకీ చెప్పు. ఎవరు ముందొస్తే వాళ్లు. తూర్పు తొట్టి దగ్గరికి, అడుగులు అటే పోతున్నాయి. గేటు తాళం తీసే ఉంది.

…ఆ, పికప్ నడుపుతూనే మాట్లాడుతున్నా. కళ్లజోడు పెట్టుకోలేదని తర్వాత తిడుదువుగాని.

ఆగు—

చిన్న అడుగులు ఆగిపోయాయి.

…లేదు, లేదు. పెద్దవి ఉన్నాయి. లోతుగా పడ్డాయి. ఎత్తుకుంది ఒటీలియా. బిడ్డని ఎత్తుకుంది.

పశువుల దారి పట్టింది. గిట్టల గుర్తుల వెంటే నడిచింది. ఏ ఊరిదో గాని, ఆవులు ఎటు పోతే నీళ్లు అటుంటాయని తెలిసిన మనిషి.

…మూడు మైళ్లు. మోసుకుంటూ.

మాట్లాడుతూ ఉండు. ఏదో ఒకటి… ఆ, మీ కోడలు వండి పంపిన తమాలేలు బాగున్నాయి. అబద్ధం కాదు. ఉప్పు కాస్త ఎక్కువ, అంతే.

…రాబందులా? పైకి చూడట్లేదు. చూడను.

తొట్టి కనిపిస్తోంది. ఆవులన్నీ దూరంగా నిలబడి ఉన్నాయి. దాహమేసిన ఆవులు నీళ్ల దగ్గరికి ఎందుకు పోవు…

ఎవరో ఉన్నారు. తొట్టి నీడలో. పడుకుని ఉంది. కదలట్లేదు—

…ఉండు, మాట్లాడకు.

పాప. తొట్టిలో కప్పు ముంచుతోంది. సగం ఒలకబోసుకుంటూ తీసుకెళ్లి వాళ్లమ్మ నోట్లో పోస్తోంది… నీళ్లు పక్కకి కారిపోతున్నాయి… మళ్లీ ముంచుతోంది…

గొంతు కదిలింది.

చూశాను కొమాద్రే. మింగింది.

…ఫోను ఇక్కడ బానెట్ మీద పెడుతున్నా. నువ్వు మాత్రం పెట్టెయ్యకు. నాకు రెండు చేతులూ కావాలి.