ఉత్తకాళ్ల మొక్కు

హారతి పళ్లెం పక్కకు పెట్టుండ్రి అయ్యగారూ, తర్వాత తీసుకుంట. రేపు శనివారం నా మొక్కు చెల్లించాలని మా ఇంటామె సుశీలకు చెప్పిన్రట? నన్నొక మాట అడగొద్దా? మొక్కింది నేను గదా?

నవ్వకుండ్రి.

గీ ఆంజనేయసామి ముందట, మీ ముందటనే గదా అనుకున్న, సర్పంచ్ అయ్యేదాక కాళ్లకు చెప్పులు తొడగనని. ఊరోళ్లు ఉత్తకాళ్ల ఎంకట్రాం అని పేరు పెట్టిన్రు. పెట్టనియ్యి అనుకున్న. ఒకసారి రిజర్వేషన్ బీసీలకు పోయింది, ఇంకోసారి ఎస్టీలకు పోయింది. సామి నన్ను తయారు చేస్తున్నడు, జర ఓపిక పట్టాలె అనుకున్న. పత్తి మోళ్లల్ల ఉత్తకాళ్లతోని నడిసిన. ఎవలదన్న పింఛన్ ఆగితె గూడూరుల బస్సెక్కి మహబూబాబాద్ దాక పోయిన. ఆఫీసుల కింద మీద చూసి, నన్ను బిచ్చపోడనుకున్నరు.

పంచాయతీ చట్టం పుస్తకం కొనుక్కొని చదివిన. బర్రెల కొట్టంల నిలబడి, గ్రామసభల మాట్లాడినట్టు మాట్లాడుడు నేర్చుకున్న. సుశీల పాలు పిండుకుంట వినేది. ఎన్నడు ఒక్క మాట అనలే.

మరి ఏమైంది? ఈసారి జనరలే వచ్చింది. జనరల్ మహిళ.

ఆ దినం అన్నం ముట్టలే నేను. వార్డు మెంబర్ ఎల్లస్వామి లేడా, ఆయన వచ్చి, వదినెను నిలబెట్టు అన్నా, కుర్చీల కూసునేది నువ్వే గదా అన్నడు. నేను గూడ గట్లనే అనుకున్న. లోకంల అందరు గట్లనే అనుకుంటరు గదా?

ఇగ తప్పు యాడ చేసిన్నో చెప్త ఇనుండ్రి. ఓట్లకు ఇంటింటికి పోయి నా కాళ్లు చూపెట్టిన. పగిలిన మడిమలు చూపెట్టి, మా ఆమెను గెలిపిస్తే నా మొక్కు తీరినట్టే అక్కా, ఈ కాళ్లు చూసి ఓటెయ్యుండ్రి అన్న. ముసలవ్వలు ఏడ్చిన్రు. ఓట్లు నా కాళ్లకు పడ్డయి అయ్యగారూ.

గెలిచినం. అంటే, ఆమె గెలిచింది.

మొదటి గ్రామసభల నీళ్ల ట్యాంకు సంగతి వచ్చింది. నేను లేచిన. ఇన్నేండ్లు నేర్చుకున్నది దేనికి మరి? ఆమె నా దిక్కు చూసి మెల్లగ అన్నది, "జర మీరు కూసోండ్రి. నన్ను అడిగిన్రు."

ఇగ మొదలుపెట్టింది. నేను కొట్టంల అన్న మాటలే, ఒక్కటి ఇడిసిపెట్టకుంట అన్నది. నాకంటె మంచిగ అన్నది. జనం చప్పట్లు కొట్టిన్రు. ఎల్లస్వామి సుత కొట్టిండు.

మండలం మీటింగుకు బండి మీద నేనే తోలుకపోయిన. సర్పంచుల మొగుళ్లు బయటనే ఉండాలన్నరు. కొందరం బయట నిలబడ్డం. వాళ్లు చెప్పులేసుకొని నింపాదిగ చాయ్ తాగుతున్నరు. నేను ఎండల ఆ బండల మీద ఒక కాలు లేపి ఒక కాలు పెట్టుకుంట ఉన్న. నీ మొక్కు ఇంకా తీరలేదా అని ఒకాయన అడిగిండు.

ఇప్పుడు సుశీల ఏమంటది? ఊరందరికి చెప్పిన్రు గదా, ఎందుకు తొడుగుతలేరు, నేను సర్పంచ్‌ను గానా అంటది. కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. ఆమె మాటల తప్పు లేదు. జనగామ దాక పోయి తోలు చెప్పులు కొనుక్కొచ్చింది. రేపటికి డప్పులోళ్లకు గూడ చెప్పింది.

తొడిగితే, నా వంతు అయిపోయినట్టు. ఇగ నేను ఎదురుచూసేది ఏం లేనట్టు. తొడగకపోతే, ఓట్ల కోసం దేవుని పేరు మీద అబద్ధమాడినట్టు, కట్టుకున్నదాన్ని నలుగురి ముందట తక్కువ చేసినట్టు. యాడికి పోవాలె నేను?

లోపలికి పోకుండ్రి అయ్యగారూ, జర ఆగుండ్రి. 

ఒక్క మాట సాయం చెయ్యుండ్రి. రేపు తిథి మంచిగ లేదనుండ్రి. సామి ఇంకా ఒప్పుకోలేదనుండ్రి. మీరంటె ఆమె నమ్ముతది. మళ్ల ఎలక్షన్ల దాక గిట్లనే నడుస్త.

కాళ్లు కాలితె ఓర్సుకుంట అయ్యగారూ. ఆమె ఎనుక నడుసుడే నాతోని అయితలేదు.