చెక్క దిమ్మలు

“కళ్ళు మూయకండి. ఏమండీ, మూయొద్దని చెప్పానా లేదా?”

“మూయట్లేదు. ఎండ పడుతోంది.”

“ఎండెక్కడుంది, మీరు నీడలో ఉన్నారు. నా వైపు చూడండి. మాట్లాడిస్తూనే ఉండమన్నారు వాళ్ళు.”

హెర్న్‌డన్‌లో వాళ్ళ ఇంటి ముందు, వీధి నుంచి గరాజ్ వైపు దిగే వాలు డ్రైవ్‌వే మీద, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి తిరుపతయ్య ఒక పాత యుద్ధకాలపు బండికీ గరాజ్ ఇటుక గోడకీ మధ్య ఇరుక్కుపోయి ఉన్నాడు. చక్రాల చుట్టూ ఇనుప పట్టాలు తొడిగితే తప్ప నడవని రకం బండి అది. ఆరేళ్ళుగా సెలవు రోజులన్నీ దానికే ధారపోసి బాగు చేసుకున్నాడు. పక్కింటివాళ్ళు దాన్ని ట్యాంక్ అంటారు, ట్యాంక్ కాదని అతను ప్రతిసారీ సరిదిద్దుతాడు, అతని భార్య విజయశ్రీ మాత్రం సవతి అంటుంది. ఇంకా పట్టాలు తొడగని ఆ రెండు టన్నుల బండి ముందుకు దొర్లి అతని కుడి కాలిని మోకాలి పైన గోడకేసి నొక్కి ఆగింది. విజయశ్రీ ఒక చేత్తో అతని చేతినీ, ఇంకో చేత్తో అంబులెన్స్ వాళ్ళు లైన్లో ఉన్న ఫోన్‌నీ పట్టుకుని నిలబడింది.

“ఎంతసేపయింది?”

“ఇప్పుడే. నాలుగు నిమిషాలు.”

“ఇందాకా నాలుగే అన్నావు.”

“అయితే అయిదు. కాలు ఎలా ఉంది?”

“ఎడమ కాలు బాగుంది.”

“ఏమండీ.”

“కుడిది తెలియట్లేదు. ముందు భగ్గుమంది. ఇప్పుడు నాది కానట్టు ఉంది.”

“నేను తోస్తాను. ఒక్కసారి గట్టిగా తోసి చూస్తాను.”

“రెండు టన్నులు, విజయా. పైగా ఎత్తు వైపు తొయ్యాలి.”

“వ్యాన్‌కి తాడు కట్టి వెనక్కి లాగనా? దీన్ని ఇంటికి తెచ్చిన రోజు మీరు అలాగే కదా లాగారు.”

“తాడు తెగితే మళ్ళీ వచ్చి నన్నే గుద్దుతుంది. ముట్టుకోవద్దని వాళ్ళు చెప్పారుగా.”

“చెప్పారు. వాళ్ళకేం, ఫోన్‌లో ఎన్నైనా చెప్తారు.”

“ముందు ఒక పని చెయ్యి. ఇంకొంచెం కూడా ముందుకు రాకుండా చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టు. రెండు వైపులా.”

“పెడతాను. మీ చెయ్యి వదలాలి మరి.”

“వదులు. నేనెక్కడికీ పోను. ఆ దిమ్మలు ఎక్కడున్నాయంటే...”

“గులాబీ కుండీ పక్కన ఉన్నాయి. రెండూ.”

“సరే.”

“ఏంటి సరే?”

“ఏం లేదు. పెట్టు. ముందు చక్రానికి బాగా ఆనించి, బిగిసేదాకా కాలితో తన్ను.”

“తన్నాను. బిగిసింది. అటుది కూడా పెట్టేశాను. ఇదిగో, చెయ్యి ఇవ్వండి. ఎందుకింత చల్లగా ఉంది?”

“చెయ్యి ఎప్పుడూ చల్లగానే ఉంటుంది నాకు.”

“అబద్ధం. ఒక్క నిమిషం, ఫోన్‌లో ఆవిడ ఏదో అడుగుతోంది. యెస్ మ్యామ్. యెస్, హి ఈజ్ టాకింగ్. అసలు అది ఎలా దొర్లింది, బ్రేక్ లేదా అంటోంది.”

“పట్టాలు లేకపోతే బ్రేక్ ఉండదని చెప్పు. దీంట్లో బ్రేక్ పట్టుకునేది పట్టానే, చక్రాన్ని కాదు. పట్టా విప్పేశాక ఆ రెండు దిమ్మలే బ్రేక్.”

“ఆ రెండు దిమ్మలే.”

“అవును.”

“ఇంకేం ఉండదా? హ్యాండ్ బ్రేక్ లాంటిది కూడా?”

“ఏం ఉండదు.”

“మీరు నాకెప్పుడూ చెప్పలేదు ఈ సంగతి.”

“నువ్వెప్పుడడిగావు?”

“ఆవిడకి ఏం చెప్పమంటారు?”

“దిమ్మలు పెట్టడం నేను మర్చిపోయానని చెప్పు.”

“మీరా? కార్ కడగడానికి కూడా టైర్ కింద ఇటుక పెట్టే మనిషి, మీరు మర్చిపోయారా?”

“యాభై మూడేళ్ళు వచ్చాయి. మర్చిపోయాను. అలాగే చెప్పు.”

“ఏమో, మీరు రాత్రి పెట్టి ఉంటారు...”

“పెట్టలేదు. రాత్రే మర్చిపోయాను. రేపు ఇన్సూరెన్స్ వాళ్ళడిగినా, మన అమ్మాయి వర్ష అడిగినా అదే మాట. అందరికీ ఒకటే మాట ఉండాలి, విజయా. వింటున్నావా?”

“వింటున్నాను. మ్యామ్? హి ఫర్గాట్ ద వుడ్ బ్లాక్స్. నో, నో. నాట్ ట్యాంక్. ఐ యామ్ సారీ, నాట్ ట్యాంక్.”

“ట్యాంక్ అన్నావా?”

“మొదట ఫోన్ చేసినప్పుడు నోట్లోంచి అదే వచ్చేసింది. మా ఆయన ట్యాంక్ కింద పడ్డాడన్నాను.”

“ఇంకేం, పోలీసులే ముందొస్తారు.”

“నవ్వకండి. నాకు భయంగా ఉంది.”

“నవ్వట్లేదు. పళ్ళు కొట్టుకుంటున్నాయి.”

“చలేస్తోందా? దుప్పటి తెస్తాను, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను.”

“వెళ్ళకు.”

“రెండంగల్లో వస్తానండీ.”

“వద్దు. వెళ్ళకు.”

“సరే, వెళ్ళను. ఇదిగో నా చున్నీ కప్పుతున్నాను. మాట్లాడండి. ఏదో ఒకటి మాట్లాడండి. దీన్ని ఎక్కడ కొన్నారో చెప్పండి.”

“నీకు తెలుసుగా.”

“నాకు తెలీదు. మీరు మొదలుపెట్టగానే మిక్సీ వేసేదాన్ని.”

“అది తెలుసు నాకు. పప్పు లేకుండా ఉత్త మిక్సీ కూడా వేశావు ఒకసారి.”

“చెప్పండి. ఎక్కడ?”

“వెస్ట్ వర్జీనియాలో. ఒక ముసలాయన పశువుల కొట్టంలో. ఇందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. సీట్ల నిండా ఈకలు.”

“ఎందుకు కొన్నారసలు? ఆ ఇంటివాళ్ళే వదిలేసిన ఇనుము.”

“ఆయన ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. పెట్టాను. మెకానికల్ చదివి పాతికేళ్ళు స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. ఒక్క బోల్ట్ తిప్పలేదు. చెయ్యి పెట్టేసరికి... అంతే. ఇంకేం లేదు.”

“ఇది నాతో ఎప్పుడూ అనలేదు.”

“మిక్సీ వేశావు.”

“అనాల్సింది. కేకేసైనా అనాల్సింది. ఏమండీ? ఏమండీ, తల వాల్చేస్తున్నారు. లేవండి. తల ఎత్తండి.”

“ఉన్నాను. బండి మీద ఆనించానంతే.”

“దాని మీద ఆనకండి. నా భుజం మీద ఆనండి.”

“దాని మీద కోపం పెట్టుకోకు. అది ఏం చేసింది?”

“ఏం చేసిందా? వర్ష గ్రాడ్యుయేషన్‌కి మిమ్మల్ని సగంలో రానిచ్చింది. మన పెళ్ళిరోజున ఓహాయో పంపించింది, ఏదో గేర్ల పెట్టె కోసం. ఇప్పుడిది. గుళ్ళో అందరి ముందూ సవతి అన్నానని బాధపడ్డారు కదా, ఇంకేమనాలి?”

“అన్నదాంట్లో తప్పులేదు. సగంలో వచ్చింది నేను, అది కాదు.”

“ఇప్పుడు మంచివారైపోకండి. నాకు ఇంకా భయమేస్తుంది.”

“నిన్నటి దాకా నువ్వు దీన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు.”

“నిన్నటి దాకా ఏంటి? ఎప్పుడూ ముట్టుకోలేదు.”

“సరేలే.”

“ఎప్పుడు ముట్టుకున్నానని?”

“సరే అన్నానుగా. నీ వేళ్ళకి ఆ ఎరుపేంటి?”

“మీ రక్తం. అయ్యో, రక్తం కారుతోందా? ఎక్కడ?”

“నా రక్తం కాదు. నాకు పైకి చిట్లలేదు. కుంకుమ అది.”

“పొద్దున పూజ చేశాను కదా.”

“మంచిది.”

“ఇంట్లో పూజ. దేవుడి దగ్గర.”

“మంచిదన్నాను.”

“అదిగో, సైరన్. విన్నారా? వచ్చేశారు. ఏమండీ, వచ్చేశారు.”

“వింటున్నాను.”

“ఇంకొక్క నిమిషం. మీరు మీ ఊపిరి చూసుకోండి, నేను... అదేంటి?”

“దూరమవుతోంది.”

“లేదు, లేదు, మలుపు తిరుగుతున్నారు.”

“దూరమవుతోంది, విజయా. మన వీధి బోర్డు కొమ్మల వెనకుంది. నరకాలి నరకాలి అనుకుంటూనే ఉన్నాను. దాటిపోయారు.”

“మ్యామ్. మ్యామ్, దే పాస్డ్ అవర్ స్ట్రీట్. టెల్ దెమ్ టర్న్ అరౌండ్. ప్లీజ్. లెఫ్ట్ సైడ్, బిహైండ్ ద ట్రీ. ప్లీజ్, మ్యామ్. నేను మలుపు దాకా పరిగెత్తి వస్తానండీ.”

“వద్దు.”

“వాళ్ళకి కనబడాలి కదా, చెయ్యి ఊపుతాను.”

“నువ్వు వచ్చేసరికి నేను కళ్ళు తెరిచి ఉంటానో లేదో. ఇక్కడే ఉండు.”

“అలా అనకండి. ఏం మాటలవి?”

“వర్షకి నా పేరు మీదున్న...”

“వర్షకి ఏం చెప్పాలన్నా మీరే చెప్పుకోండి. నేను మోయను ఆ మాటలు.”

“విజయా, కాళ్ళు రెండూ తెలియట్లేదు.”

“ఎడమది బాగుందన్నారుగా. ఇందాకే కదా బాగుందన్నారు. మ్యామ్, హరీ అప్. ఏంటి? వాట్? వెన్ దే లిఫ్ట్? ఓకే. ఓకే.”

“ఏమంటోంది?”

“ఏం లేదు.”

“చెప్పు.”

“బండి తీసేటప్పుడే ఎక్కువ ప్రమాదమట. ఇంతసేపు నొక్కి ఉంచిన కాలు ఒక్కసారి వదిలితే, గుండెకి... ముందు సెలైన్ పెట్టి కానీ కదపరట. నన్ను దూరంగా నిలబడమంటోంది.”

“నిలబడు. చూడకు ఆ టైమ్‌లో.”

“వెనక్కి తిప్పుతున్నారట అంబులెన్స్‌ని. రెండు నిమిషాలట. ఏమండీ, వాళ్ళు రాకముందే నేనొకటి చెప్పాలి.”

“ఇప్పుడొద్దు.”

“ఇప్పుడే చెప్పాలి.”

“తర్వాత తీరిగ్గా చెప్పు. హాస్పిటల్‌లో పనేం ఉంటుంది మనకి.”

“తర్వాత మీరు లేకపోతే ఎవరికి చెప్పుకోను? మీరేమో మర్చిపోయాను, మర్చిపోయాను అంటుంటే నా ప్రాణం పోతోంది. మీరు మర్చిపోలేదు. రాత్రి మీరు పెట్టారు. నేను కిటికీలోంచి చూశాను.”

“విజయా, వద్దన్నానా.”

“నేను తీశాను. నా చేతులతో నేనే తీశాను. స్నానం చేస్తే కానీ కాఫీ ఇవ్వనని మిమ్మల్ని లోపలికి తరిమింది అందుకే. గుడి క్యాలెండర్లో ఇవాళ పది గంటల లోపల మంచిదని ఉంది. కార్ కొన్నప్పుడు చేస్తాం కదా, అలా బొట్టు పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడదామనుకున్నాను. రెండడుగులు ముందుకు జరిపి పట్టాలు తొడుగుతా, రేపు ఊళ్ళో జరిగే పరేడ్‌లో నడుపుతా అన్నారు రాత్రి. ఆ రెండడుగులకీ నిమ్మకాయలు నలిగితే చాలనుకున్నాను. దిమ్మలు అడ్డంగా ఉన్నాయి. తీసి కుండీ పక్కన పెట్టాను. అది కదల్లేదండీ. నేను తీసినప్పుడు కొండలా నిలబడే ఉంది. బ్రేక్ ఉంటుందనుకున్నాను. ఏ బండికైనా బ్రేక్ ఉంటుంది కదా. తిట్టండి నన్ను. ఏదో ఒకటి అనండి.”

“నాలుగు పెట్టాలి కదా నిమ్మకాయలు.”

“ఇంట్లో రెండే ఉన్నాయి. ఇప్పుడు ఆ మాటెందుకు?”

“కుడి చక్రం కింద పెట్టింది ఇంకా పచ్చిది. పులిహోరకి కూడా పనికిరాదు.”

“అవును, అది... మీకెలా తెలుసు? అవి రెండూ చితికిపోయాయి.”

“చితక్కముందు చూశాను. బొట్టు కూడా చూశాను. మూడు చోట్ల పెట్టావు. హెడ్‌లైట్ పైన కూడా.”

“ఎప్పుడు చూశారు?”

“స్నానం చేసి రాగానే.”

“చూశారా? దిమ్మలు లేవని చూసి కూడా దాని ముందుకి ఎందుకెళ్ళారు? మీకు తెలుసు కదా బ్రేక్ లేదని. నాకు తెలీదు, మీకు తెలుసు కదా. ఎందుకెళ్ళారండీ?”

“గరాజ్‌లో చిన్న చెక్క ముక్కలున్నాయి. తెచ్చి పక్కగా పెడదామని. వెళ్తూ వెళ్తూ దాని మీద చెయ్యి వేశాను. అంతే, కదిలింది.”

“దిమ్మలు కుండీ పక్కనే ఉన్నాయి కదా. మీ కళ్ళ ముందే. వంగి అవే పెట్టేస్తే పోయేది కదా.”

“అవి పెద్దవి. అవి పెట్టాలంటే నీ నిమ్మకాయలు తీసెయ్యాలి.”

“తీసెయ్యాల్సింది. రెండు నిమ్మకాయలండీ. తీసి అవతల పారెయ్యాల్సింది.”

“ఆరేళ్ళకి మొదటిసారి వచ్చి పెట్టావు, విజయా. తీయబుద్ధి కాలేదు.”